మనది ఒక్కటే రక్తం

కింజల్ వాట్సాప్‌లో ఫోటో మార్చిందంటే ముందుగా చూసేది నేనే. మా బావ కన్నా ముందు. పోయిన వారం పసుపు దుపట్టా, మొన్న జడలో ఏదో తెల్ల పువ్వు, ఇవాళ కిమ్ స్టేషన్ బయట చేతిలో చాయ్ గ్లాసు. ఆ గ్లాసు పక్కన ఇంకో చెయ్యి అంచు కనిపిస్తోంది. మణికట్టుకు గోధుమరంగు బెల్టు గడియారం. ఆ గడియారం మహేశ్ బావకు పుట్టినరోజున కొనిచ్చింది నేను. కడుపు మండదా మరి?

నా పేరు సుమన. ఈ గుజరాతీల ఊరు అమ్రోలిలో, మా తెలుగోళ్ల గల్లీలో ఎవరినడిగినా "మహేశ్‌కు ఇయ్యబోయే పిల్ల" అని ముందు చెప్తారు, పేరు తర్వాత చెప్తారు. మహేశ్ మా మేనత్త వెంకటవ్వ కొడుకు. కిమ్‌లో ఒక కార్ఖానాలో లూమ్ మెకానిక్. నన్ను ఇరవై ఒకటో రోజున తొట్లెలో వేస్తూ "గీ పిల్ల నా కోడలు" అందట అత్త. మా నాయిన సోమలింగం నవ్వాడట. మా వాళ్లలో నవ్వితే ఒప్పుకున్నట్టే. ఇరవై ఏళ్లుగా ఆ నవ్వును నమ్ముకుని బతుకుతున్నాను. బావ తినే కూరలేవో, తినని కూరలేవో, ఏ చెప్పు అరిగిందో నాకు తెలుసు. అలాంటిది ఎక్కడో కామ్‌రేజ్ నుంచి, బావ కార్ఖానా ఆఫీసులోనే కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేసుకునే గుజరాతీ పిల్ల వచ్చి, రెండు నెలల్లో చాయ్ గ్లాసు పక్కన చెయ్యి పెట్టించుకుంది.

నేను బీఎస్సీ ఆఖరి ఏడాది, జువాలజీ. ఆ రోజుల్లోనే మా పర్మార్ సర్ జనాభాలో జన్యువుల నిలకడ గురించి పాఠం చెప్పాడు. పెద్ద జనాభా ఉండాలి. అందులో ఎవరు ఎవరినైనా పెళ్లాడొచ్చు, ఏరుకోవడం ఉండకూడదు. బయటివాళ్లు రాకూడదు, లోపలివాళ్లు పోకూడదు. జన్యువులో కొత్త మార్పు పుట్టకూడదు. ఒక లక్షణం ఉన్నవాళ్లు ఎక్కువగా, లేనివాళ్లు తక్కువగా బతికే పరిస్థితి ఉండకూడదు. ఇవన్నీ కుదిరితే ఎన్ని తరాలు గడిచినా జన్యువుల పాళ్లు మారవు. ఏ ఒక్కటి తప్పినా నిలకడ చెడుతుంది. "మీకు తెలిసిన చిన్న సమూహాన్ని తీసుకుని, ఏ షరతు ఎక్కడ తప్పిందో రాసుకు రండి" అన్నాడు సర్.

నేను మా గల్లీని తీసుకున్నాను. నలభై రెండు ఇళ్లు. జగిత్యాల దిక్కు నుంచి బుచ్చిరాములు తాత మొదట నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని మరమగ్గాల పనికి, ఇక్కడి లూమ్‌ల మీదికి వచ్చాడు. ఇప్పుడున్న వాళ్లంతా దాదాపు ఆ నాలుగిళ్ల వాళ్లే. నలభై రెండు జంటల్లో ఇరవై తొమ్మిది మేనరికాలు. మా అమ్మా నాయినా కూడా అంతే. 'బయటి నుంచి వచ్చినవారు' అన్న గడిలో సున్నా రాశాను. సర్ చదివి "సుమనా, ఇది జనాభానా, ఒక్క కుటుంబమా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సున్నా అంటే నాకు భలే ఇష్టంగా ఉండేది. ఆ సున్నా ఉన్నంతకాలం బావ నావాడే.

ఇక నా కార్డు సంగతి చెప్పాలి. చెప్పకుండా కథ చెప్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

మొదటి ఏడాది కాలేజీలో చేరిన వాళ్లందరికీ రక్తపరీక్ష చేశారు. వారం తర్వాత నా చేతికి గులాబీరంగు కార్డు ఇచ్చారు. థాలసీమియా మైనర్ అని ఉంది. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. నీకేం జబ్బు లేదు, కంగారు పడకు. కాకపోతే చేసుకోబోయే అబ్బాయికి తప్పకుండా పరీక్ష చేయించు. అతనూ నీలాంటివాడే అయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు, బిడ్డకు పెద్ద జబ్బు రావచ్చు. అలా పుట్టిన బిడ్డకు బతికినంతకాలం రక్తం ఎక్కిస్తూ ఉండాలి.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ఒక చీర మీద మెరుపు రాళ్లు అతికిస్తోంది. ఇంటి దగ్గర ఆడవాళ్లు చేసే స్టోన్ పని. జిగురు చేత్తోనే కార్డు గుంజుకుంది.

"నోరు మూసుకో. లగ్గం గావాల్సిన పిల్లవు. గీ ముచ్చట బయట వడ్డదంటే మీ అత్త గడప తొక్కనిస్తదా?"

కార్డు బియ్యం డబ్బా అడుగుకు పోయింది. గల్లీలో మాత్రం "మా పిల్లది జూశిండ్రట, అంత మంచిగనే ఉన్నదట" అని చెప్పింది.

తర్వాత చేసిన పని మా గల్లీవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మరుసటి నెలలో అదే పరీక్ష చేయడానికి ఇద్దరు నర్సులు మా గల్లీకే వచ్చారు. టేబుల్ వేశారు, సూదులు పెట్టుకున్నారు. ఒక్కరు కదిలితే ఒట్టు. మా కనకయ్య పెదనాయిన వాళ్లకు విడమరిచి చెప్పాడు. "మా సోమలింగం బిడ్డది కాలేజీల జూశిండ్రు, మంచిగనే ఉన్నది. మాదంత ఒక్కటే రక్తం మేడమ్. ఒక్కలది జూస్తె అందరిది జూసినట్టే." నర్సులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, మా అత్త ఇచ్చిన చాయ్ తాగి, టేబుల్ మడిచి వెళ్లిపోయారు. నలభై రెండు ఇళ్లు నా కార్డు మీద పాసయ్యాయి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్క మాట అనలేదు. ఎందుకంటే నిజం చెప్తే ఆ వరసలో బావ కూడా నిలబడేవాడు. అతనిదీ నాలాగే వస్తే లగ్గం ఆగిపోతుందని నా భయం.

మూడేళ్లు గడిచాయి. కింజల్ వచ్చింది.

ఒక ఆదివారం అత్త ఇంట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. బావ వెనకే కింజల్ లోపలికొచ్చింది, చేతిలో శనగపిండి ఖమణ్ డబ్బా. "అత్తమ్మా, మంచిగున్నరా?" అంది. నేర్చుకుని వచ్చిందన్నమాట! ఆ మాట పలకడానికి ఎన్నిసార్లు మా బావ నోటివైపు చూసి ఉంటుందో. అంతకు ముందు రోజు దాకా "పరాయోళ్ల పిల్లను నా ఇంట్ల అడుగు వెట్టనియ్య" అని ఎగిరిన అత్త, ఆ మాటకు ఇంత మొహం చేసుకుని నవ్వింది. కింజల్ చాయ్ తాగిన గ్లాసులు తనే కడిగింది. నేను ఇరవై ఏళ్లుగా కడుగుతున్నాను, ఎవరైనా చూశారా?

"జర నేర్చుకో పిల్లా, ఎంత వినయమున్నదో" అంది అత్త నాతో.

పుండు మీద కారం చల్లినట్టయింది. కళ్లల్లో నీళ్లేంటని అత్త అడిగితే, ఉల్లిగడ్డలు అన్నాను.

రెండు వారాల తర్వాత మధ్యాహ్నం కింజల్ ఒక్కతే మా ఇంటికి వచ్చింది. అమ్మ స్టోన్‌లు తేవడానికి పోయింది. చాప మీద కూర్చుని హిందీలో మొదలుపెట్టింది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారని, వచ్చే నెల తనకూ బావకూ పెళ్లి ఖాయం చేస్తారని. నా ఇంట్లో కూర్చుని నాకే చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"సుమనా బెన్, నేను థాలసీమియా మైనర్. మా అన్న కూతురు ధ్వనికి మేజర్. ఏడేళ్లది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అందుకే మా ఇంట్లో జాతకం కన్నా ముందు రిపోర్టు అడుగుతారు. మహేశ్‌ను టెస్ట్ చేయించుకోమంటే, అవసరం లేదంటాడు. సుమనది బాగుంది, మాది ఒక్కటే రక్తం అంటాడు. అలా ఉండదని నీకు తెలుసు కదా. నువ్వు చదువుకున్నావు. నువ్వు చెప్తే వింటాడు."

బియ్యం డబ్బా ఆమె వీపు వెనకే ఉంది.

"చెప్తానులే" అన్నాను.

చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? నీది చూపించు అంటాడు. చూపిస్తే నేను మైనర్, పైగా అబద్ధాలకోరును. చెప్పకపోతే వాళ్లిద్దరి పెళ్లి. ఎటు చూసినా నాకే నష్టం. ఆ వారమంతా ఒళ్లు మంటతోనే తిరిగాను.

తర్వాత బావే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, మొహమంతా వెలిగిపోతోంది.

"కింజల్ సతాయిస్తాంది సుమనా. నీ కార్డు ఫోటో కొట్టి పంపియ్యరాదు, ఆమెకు జూపిస్త."

అంటే నా రక్తం చూపించి ఆమెను చేసుకుంటాడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"కార్డు యాడనో వోయింది" అన్నాను.

"పోతె పోయింది. నీది మంచిగనే ఉన్నది గదా?"

మూడేళ్లుగా ఆ అబద్ధం అమ్మది. ఆ క్షణాన నాది చేసుకున్నాను.

"ఆఁ, మంచిగనే ఉన్నది."

"అయితె అయిపాయె. మనది ఒక్కటే రక్తం" అని తలమీద ఒకటి మొట్టి వెళ్లిపోయాడు. చెల్లెలిని మొట్టినట్టు.

ఆ మొట్టికాయకు నాలో ఏం రేగిందో దాచను. చేసుకోనీ అనుకున్నాను. ఇద్దరికిద్దరూ మైనర్లే కావాలి. అలాంటి బిడ్డే పుట్టనీ. అప్పుడు తెలుస్తుంది ఇద్దరికీ, ఎవరిని కాదనుకున్నాడో. అక్షరాలా ఇలాగే అనుకున్నాను. జన్యుశాస్త్రం చదివిన దాన్ని, ఆ మాటలో ఏముందో తెలిసే అనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను కాలేజీ బస్సులో ఉండగా కింజల్ ఫోటో మార్చింది. అలవాటు ప్రకారం వేళ్లతో పెద్దది చేసి చూశాను, బావ గడియారం ఎక్కడైనా ఉందా అని. ఉంది. ఒక చిన్నపిల్ల చేతికి ఉంది. బెల్టు ఆఖరి కన్నానికి పెట్టినా వదులై మోచేతి దాకా జారింది. పిల్లకు ముందు పళ్లు రెండు లేవు. గడియారం ఉన్న చేతిని కెమెరాకు చూపిస్తూ నవ్వుతోంది. రెండో చేతికి సూది, పట్టీ, పైకి పోతున్న ఎర్రటి గొట్టం. ధ్వని అన్నమాట. పుట్టనీ అని నేను నిన్న అనుకున్నది ఇలాంటి పిల్లనే.

రెండు స్టాపుల ముందే దిగి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. బియ్యం డబ్బా కింద బోర్లించి కార్డు తీస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పిచ్చి లేశిందానే నీకు? మూడేండ్లు కాపాడుకొస్తి!"

"నువ్వు కాపాడింది నన్ను గాదమ్మా" అన్నాను. చెయ్యి విడిపించుకుని, పోతూ పోతూ అమ్మ పని డబ్బాలోంచి గుప్పెడు స్టోన్‌లు తీసుకున్నాను.

ఆ రోజు బావకు రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. అత్త కూరగాయలు ఏరుతోంది. కార్డు బావ ముందు పెట్టాను. చదివాడు. మళ్లీ చదివాడు. అత్తకు అర్థం కాలేదు. చాప మీద స్టోన్‌లు పరిచాను, తెల్లవీ ఎర్రవీ.

"అత్తా, రక్తంల ఒక్కొక్కలకు గిసొంటియి రెండేసి ఉంటయి. తల్లి ఒకటిస్తది, తండ్రి ఒకటిస్తడు. నాకు ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది, ఎర్రది జబ్బుది. ఏదిస్తరో ఎవ్వలకు ఎరుక లేదు. గందుకే ఒక్క తల్లి పిల్లలకు గూడ ఒక్కతీరుగ ఉండదు. నాది జూస్తె బావది తెల్వది. బావది బావనే జూపించుకోవాలె."

"మరి ఎర్రయి రెండు గలిస్తె?" అంది అత్త.

"కింజల్ వాళ్ల ధ్వని."

అత్త ఎర్ర స్టోన్‌ను వేలితో దూరంగా నెట్టింది. "గల్లీ గల్లీని కూసోవెట్టి చాయ్ తాపిస్తిమి గదనే ఆ నర్సమ్మలకు" అని నెత్తి కొట్టుకుంది. బావ తిట్టినా బాగుండేది. కార్డు జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని, పరీక్షకు రక్తం ఇవ్వడానికి పోయాడు.

నేను మంచిదాన్నయిపోయానని అనుకోకండి. ఆ ఐదు రోజులూ నేను ఏం కోరుకున్నానో నాకు తెలుసు. మైనర్ రావాలి. వస్తే కింజల్ వాళ్లు ఒప్పుకోరు. ఆమె వాకిట్లోంచి వెనక్కి పోతుంది. నాకు దక్కకపోయినా ఫరవాలేదు, ఆమెకు దక్కకూడదు. నిజం చెప్పాను, నిజమే. ఆ నిజంలో సగం ధ్వని కోసం, సగం నా కుళ్లు కోసం.

ఐదో రోజున అత్త కబురు పంపింది. బావది కూడా మైనరే. సాయంత్రం రమ్మంది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నేను అద్దం ముందు నిలబడి ఆకుపచ్చ చుడీదార్ వేసుకున్నాను. బావకు నచ్చే రంగు. ఓదార్చడానికి పోతూ ఎవరైనా బొట్టు మూడుసార్లు సరిచేసుకుంటారా? నేను చేసుకున్నాను.

అత్త ఇంట్లో కింజల్ ఉంది. ఏడ్చిన కళ్లే, కానీ స్టవ్ దగ్గర చాయ్ పెడుతోంది. బావ ముందు ఒక ప్లాస్టిక్ ఫైలు.

"కూసో సుమనా" అన్నాడు. "ఇద్దరం పోయి డాక్టర్‌తోని మాట్లాడినం. మూడో నెలల టెస్ట్ ఉన్నదట. కడుపుల ఉన్నప్పుడే బిడ్డ సంగతి తెలుస్తదట. వాళ్ల నాయినకు గూడ డాక్టరే సమజ్‌ చేసిండు. ఒప్పుకున్నరు. లగ్గం జేసుకుంటున్నం."

"ఇద్దరు మైనర్లు బావా! నాలుగింట్ల ఒకటి! నీకు సమజైతాందా?"

"ఎరుకే. టెస్ట్‌ల ఏదొచ్చినా ఏం జెయ్యాల్నో గూడ మాట్లాడుకున్నం. భయం లేదని అంటలేను. భయముంది. ఇద్దరికి తెలిసి ఉన్నది గదా, గంతే."

మూడో నెలలో పరీక్ష. నా పుస్తకంలో ఉంది. రెండో ఏడాదిలో దాని మీద పది మార్కుల ప్రశ్న రాశాను, తొమ్మిది వచ్చాయి. అది నాకూ బావకూ పనికొస్తుందని మూడేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. కింజల్ ముందే అడిగాను, సిగ్గు ఎక్కడో పోయింది.

"అట్లయితె... నేను గూడ మైనరే గదా బావా. నాతోని గూడ గిట్లనే అయితుండె గదా?"

అత్త తల దించుకుంది.

"అయితుండె" అన్నాడు బావ. "నువ్వు చెప్పుంటె నీతోని గిట్లనే పోతుంటి డాక్టర్ దగ్గరికి. చిన్నప్పటి సంది నువ్వేనాయె, ఇంకొకల ముచ్చటనే లేకుండె నాకు. కింజల్ మొదటి దినమే చెప్పింది సుమనా, క్యాంటీన్‌ల చాయ్ తాగుకుంట. నాకిట్లున్నది, ఇష్టముంటేనే మాట్లాడు అన్నది. నువ్వు మూడేండ్లు నా పక్కన కూసోని అన్నం తిన్నవ్."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే జవాబు చెప్పి ఉండేదాన్ని, నాకు నోరు తక్కువేం కాదు.

కింజల్ వచ్చి ఫైలు తెరిచి నా కార్డు తీసి ఇచ్చింది. లోపల మూడు కార్డులున్నాయి, ఆమెది, బావది, నాది. మూడింట్లోనూ ఒకటే మాట. నాది ఒక్కటే బియ్యం పురుగులు అంచులు తిని, జిగురు మరకలతో ఉంది.

"అత్తమ్మ నర్సులను మళ్లీ పిలుస్తోంది. గల్లీ అంతటికీ" అంది హిందీలో. "పేర్లు రాయడానికి నువ్వు ఉంటే బాగుంటుంది. అందరి ఇళ్లూ నీకే తెలుసు."

సరేనన్నాను. ముందు పర్మార్ సర్‌కు రాసిన నా ప్రాజెక్టులో, 'బయటి నుంచి వచ్చినవారు' గడిలో ఆ సున్నా కొట్టేసి ఒకటి అని రాయాలి.

చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది. నా గ్లాసులో చక్కెర తక్కువ వేసింది, నేను తక్కువ తాగుతానని బావ ఎప్పుడో చెప్పి ఉంటాడు. ఒక గుక్క తాగాను. చాయ్ బాగుంది. నాకు ఇంకాస్త ఏడుపొచ్చింది.